ఆంప్లిఫయర్ లైటు వెలగకపోతే బోర్డు కాలిపోయినట్టేనా?

మీరు రాసిన విషయాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను, ఎందుకంటే జవాబులో సగం వాటిలోనే ఉంది. మీది గుంటూరు. కారు డిక్కీలో నాలుగు చానళ్ల ఆంప్లిఫయర్ ఉంది. రెండు చానళ్లు వెనుక స్పీకర్లకు, మిగతా రెండూ బ్రిడ్జి చేసి (అంటే రెండింటినీ ఒకటిగా కలిపి) సబ్‌ఊఫర్‌కు ఇచ్చారు. నెల కిందట పాత స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీను పెట్టించారు. కొన్నాళ్లుగా సౌండు పెంచినప్పుడల్లా పాట క్షణంపాటు తెగి మళ్లీ వచ్చేది. మొన్న విజయవాడ వెళుతుండగా కాజ టోల్‌గేటు దాటాక పూర్తిగా ఆగిపోయింది. ఆకుపచ్చ లైటూ లేదు, ఎర్ర లైటూ లేదు. ఆంప్లిఫయర్ మీదున్న రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులూ బాగానే కనిపిస్తున్నాయి. చూసిన మెకానిక్ మీటరు పెట్టి, 12 వోల్టులు వస్తున్నాయి కాబట్టి లోపల బోర్డు పోయింది, కొత్తది తీసుకోండి అన్నారు. కొనాలా, బాగుచేయించాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొనకండి. బోర్డు దెబ్బతిన్న ఆంప్లిఫయర్ సాధారణంగా రెండు రకాలుగా బయటపడుతుంది. సరఫరా విభాగంలోని మాస్‌ఫెట్లు (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) షార్ట్ అయితే అది దొరికినంత కరెంటును లాగేస్తుంది కనుక ఫ్యూజు వెంటనే పోతుంది. కొత్తది పెడితే అదీ పోతుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయితే ఆంప్లిఫయర్ ఆన్ అవుతుంది కానీ, రక్షణ వలయం తప్పును పసిగట్టి ఎర్ర లైటు వెలిగించి అక్కడితో ఆపేస్తుంది. మీ విషయంలో ఈ రెండూ జరగలేదు. పైగా సౌండు పెంచినప్పుడే పాట తెగేదని రాశారు. బేస్ దెబ్బ పడిన ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతుంది, సరిగ్గా ఆ క్షణంలోనే ఆగిపోతోందంటే ఆ కరెంటు వచ్చే దారిలో ఎక్కడో పట్టు వదులుతోందన్న మాట. కాబట్టి నా అనుమానం ముందుగా ఎర్త్ (ఆంప్లిఫయర్ నుంచి కారు బాడీకి పోయే నెగటివ్ వైరు) మీదకు, తరువాత బ్యాటరీ దగ్గరి పెద్ద ఫ్యూజు హోల్డరు మీదకు, ఆ తరువాత స్టీరియో నుంచి వచ్చి ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే రిమోట్ వైరు మీదకు పోతుంది. బోర్డు వంతు ఈ మూడింటి తరువాతే.

మెకానిక్ గారి మీటరు అబద్ధం చెప్పలేదు, కానీ ఆ ఒక్క అంకెతో తీర్పు ఇవ్వడం తొందరపాటు. డిజిటల్ మల్టీమీటరు తాను కొలిచే చోటు నుంచి దాదాపు కరెంటే తీసుకోదు. వైరులోని పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా, ఫ్యూజు హోల్డరులో స్క్రూ వదులై అంచుకు అంచు మాత్రమే తగులుతున్నా, మీటరు మీద 12.6 నిండుగా కనిపిస్తుంది. అక్కడ నాలుగైదు ఆంపియర్లు లాగి చూస్తే అదే చోట నాలుగు వోల్టులో, అంతకంటే తక్కువో మిగలవచ్చు. చాలా ఆంప్లిఫయర్లు సరఫరా 10 వోల్టుల దరిదాపులకు పడితే తమంతట తామే ఆగిపోయేలా తయారవుతాయి, ఇంకా పడితే లైటు కూడా వెలగదు. ఇక రెండో సంగతి. మీటరు నల్ల తీగను ఎక్కడ పెట్టి కొలిచారో మీరు రాయలేదు. చాలామంది అలవాటుగా డిక్కీలో దగ్గరున్న ఏదో ఒక బోల్టుకు ఆనిస్తారు. అలా కొలిస్తే ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు పూర్తిగా ఊడిపోయి ఉన్నా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే ఆ వైరు అసలు పరీక్షలోకే రాలేదు.

అందువల్ల మీటరుతో పాటు ఒక పాత హెడ్‌లైటు బల్బు సంపాదించండి. 55 వాట్ల బల్బు దాదాపు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, మన పనికి అది చాలు. దాని రెండు కాళ్లకు గట్టి వైరు ముక్కలు కలిపి పెట్టుకోండి; వెలిగాక బల్బు బాగా కాలుతుంది కనుక డిక్కీ కార్పెట్ మీద పెట్టవద్దు. మొదలుపెట్టే ముందు స్టీరియో నుంచి ఆంప్లిఫయర్‌కు పాటను తెచ్చే ఆర్‌సీఏ పిన్నులన్నీ లాగేయండి. దీన్ని ఎవరూ చెప్పరు, కానీ ముఖ్యం. ఎర్త్ సరిగా లేని ఆంప్లిఫయర్ తన కరెంటును ఆర్‌సీఏ తీగ పై తొడుగు గుండా, స్టీరియో గుండా వెనక్కి పంపే ప్రయత్నం చేస్తుంది. ఆ తొడుగు అంత కరెంటును మోయలేదు కాబట్టి స్టీరియో లోపలి సన్నని ఎర్త్ దారి కాలిపోయి, ఆంప్లిఫయర్ బాగుపడిన తరువాత కూడా ఇంజన్ వేగంతో పాటు పెరిగే కీచు శబ్దం స్పీకర్లలో మిగిలిపోతుంది. మీ కొత్త స్క్రీనుకు ఆ గతి పట్టకూడదు.

ఇప్పుడు బల్బు ఒక కాలును ఆంప్లిఫయర్ బ్యాటరీ టెర్మినల్‌కు, రెండో కాలును ఆంప్లిఫయర్ సొంత ఎర్త్ టెర్మినల్‌కు ఆనించండి. కారు బాడీకి కాదు, టెర్మినల్‌కే. బల్బు తెల్లగా నిండుగా వెలిగి, అదే సమయంలో ఆ రెండు టెర్మినళ్ల మధ్య మీటరు బ్యాటరీ దగ్గరి అంకె కంటే 0.2, 0.3 వోల్టు మాత్రమే తక్కువ చూపిస్తే ఈ రెండు వైర్లకూ పెద్ద దోషం లేదు. బల్బు ఎర్రగా మసకబారినా, అసలు వెలగకపోయినా దోషం బయట ఉన్నట్టే. అది ఏ వైపు ఉందో తెలుసుకోవడానికి ఎర్త్ టెర్మినల్ మీదున్న కాలిని తీసి, పొడవాటి వైరుతో నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు కలపండి. అప్పుడు నిండుగా వెలిగితే తప్పు ఎర్త్‌ది. అప్పటికీ మసకగానే ఉంటే తప్పు ముందు నుంచి వచ్చే పాజిటివ్ వైరుది, లేదా దాని ఫ్యూజుది. ఈ పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టదు, మీ మెకానిక్ గారి ఎదుటే చేయవచ్చు.

ఎర్త్ దోషమని తేలితే ఆ వైరు చివర ఎక్కడ బిగించారో చూడండి. నేను చూసే కార్లలో ఎక్కువభాగం వెనుక సీటు బెల్టు బోల్టు కింద గానీ, డిక్కీ రేకులో తిప్పిన చిన్న స్క్రూ కింద గానీ ఉంటుంది. సీటు బెల్టు బోల్టు ప్రాణాలు కాపాడే వస్తువు, దాని కింద లగ్గు (వైరు చివరి లోహపు రింగు) పెట్టి దాని బిగింపును చెడగొట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు; అక్కడ ఉంటే తీయించండి. చిన్న స్క్రూ సంగతి వేరు. అది పెయింటు మీదే కూర్చుని, మర ఒక్కటే లోహానికి తగులుతూ, కొన్నాళ్లకు వేడికి వదులై తుప్పు పడుతుంది. బాడీలో మందంగా ఉన్న రేకు చూసుకుని, అవతలి వైపు పెట్రోలు ట్యాంకు గానీ పైపులు గానీ లేవని నిర్ధారించుకుని, రూపాయి బిళ్ల అంత మేర పెయింటును ఎమ్రీ కాగితంతో తెల్ల లోహం కనిపించేదాకా గీకి, లగ్గును బోల్టు, నట్టు, స్టార్ వాషరుతో బిగించి, బిగించిన తరువాత పైన గ్రీజు పూయండి. ఎర్త్ వైరు పాజిటివ్ వైరు అంత మందంగా ఉండాలి, పొడవు అర మీటరు మించకపోతే మంచిది. లగ్గును ప్లయరుతో నొక్కి టేపు చుట్టడం కాకుండా సరైన సాధనంతో క్రింపు చేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్యాటరీ కేబుళ్లు చేసేవారు ఈ పని కార్ల అలంకరణ దుకాణాల వారి కంటే శుభ్రంగా చేస్తారన్నది నా అభిప్రాయం.

పాజిటివ్ వైపు తప్పు అయితే బ్యాటరీ దగ్గరి ఫ్యూజు హోల్డరు విప్పండి. గాజు గొట్టం ఆకారంలో ఉండే ఫ్యూజు అయితే లోపలి తీగ చెక్కు చెదరకుండా కనిపిస్తూనే, చివరి టోపీ దగ్గర టంకం కరిగి పట్టు వదిలేస్తుంది. ప్లాస్టిక్ హోల్డరు ఒకవైపు గోధుమరంగు తిరిగి ఉంటే అక్కడ వేడి పుడుతోందని వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఫ్యూజును కంటితో చూసి బాగుందనకండి. ఆంప్లిఫయర్ మీది ఫ్యూజులను కూడా బయటికి తీసి మీటరుతో కంటిన్యుటీ (కరెంటు దారి తెగకుండా ఉందా అన్నది) చూడండి. ఆ పెద్ద ఫ్యూజు బ్యాటరీ నుంచి సుమారు 45 సెంటీమీటర్లలోపే ఉండాలి. అది ఆంప్లిఫయర్‌ను కాపాడటానికి కాదు, ఇంజను వైపు నుంచి డిక్కీ దాకా పోయే వైరు దారిలో ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే కారు తగలబడకుండా ఆపడానికి. కొందరు దాన్ని డిక్కీలో ఆంప్లిఫయర్ పక్కనే పెడతారు. అలా పెడితే బ్యాటరీ నుంచి అక్కడి వరకూ వైరుకు ఏ రక్షణా లేనట్టే.

వైరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆంప్లిఫయర్ డబ్బా మీద ఎన్ని వేల వాట్లు రాసినా, దాని ఫ్యూజులే దాని అసలు సామర్థ్యాన్ని చెబుతాయి. మీవి 30 చొప్పున రెండు, అంటే 60 ఆంపియర్లు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులనుకుంటే లోపలికి వెళ్లేది 828 వాట్లు. క్లాస్ ఏబీ రకం ఆంప్లిఫయర్ అందులో సుమారు 60 శాతమే సంగీతంగా మారుస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి మీది మహా అయితే 500 వాట్ల యంత్రం. ఆ 60 ఆంపియర్లు 5 మీటర్ల పొడవున్న 8 గేజి రాగి వైరులో పోతే దాదాపు 0.6 వోల్టు దారిలోనే ఖర్చవుతుంది. ఇంకా మందంగా ఉండే 4 గేజి అయితే పావు వోల్టు. సెట్టుగా దొరికే చవక కిట్లలో వైరు చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియమే. దాని నిరోధం అదే మందం రాగి కంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు, పైగా స్క్రూ కింద నలిగి కొన్నాళ్లకు వదులవుతుంది. కొనకు కత్తితో గీకి చూడండి, ఎర్ర పొర కింద వెండిరంగు కనిపిస్తే అది అదే. మీకు సౌండు పెంచినప్పుడు తెగడానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు గానీ, మిగతా దోషాలకు ఇది తోడవుతుంది.

బల్బు నిండుగా వెలిగితే రిమోట్ వైరు వంతు. స్టీరియో ఆన్ అయినప్పుడు దాని నుంచి వచ్చే సన్నని నీలం వైరులో 12 వోల్టులు వస్తేనే ఆంప్లిఫయర్ మేలుకుంటుంది. నెల కిందట స్టీరియో మార్చారన్నారు కదా, ఇది వదిలేయదగిన వివరం కాదు. చాలా స్టీరియోలలో నీలం వైర్లు రెండుంటాయి. నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్లిఫయర్ కోసం. గీత లేని నీలం యాంటెనా కోసం. యాంటెనా వైరు కొన్ని సెట్లలో ఎఫ్ఎం పెట్టినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ స్క్రీన్లతో వచ్చే వైర్ల మీద పేర్లు ముద్రించి ఉంటాయి గానీ రంగులు అన్నిటికీ ఒకేలా ఉండవు. ఒకసారి ఎఫ్ఎం పెట్టి చూడండి. అప్పుడు ఆంప్లిఫయర్ లైటు వెలిగి, బ్లూటూత్‌కు మారగానే ఆరిపోతే వైరు తప్పుగా కలిపారని అక్కడే తేలిపోతుంది. నెలపాటు పనిచేసింది కదా అంటారేమో. ఆ నెలలో మీరు ఏది ఎక్కువగా విన్నారో గుర్తు తెచ్చుకోండి.

దీన్ని తేల్చే సూటి పరీక్ష ఇంకొకటి ఉంది. చిన్న వైరు ముక్కతో ఆంప్లిఫయర్ మీదనే బ్యాటరీ టెర్మినల్ నుంచి రిమోట్ టెర్మినల్‌కు రెండు క్షణాలు తాకించండి. ఎర్త్ టెర్మినల్ పక్కనే ఉంటుంది, దానికి తగలనీయవద్దు. లైటు వెలిగితే ఆంప్లిఫయర్ బతికే ఉంది, రిమోట్ వైరులోనో స్టీరియోలోనో దోషం. అయితే పని జరిగిపోయిందని ఆ ముక్కను అలాగే వదిలేయకూడదు, రాత్రంతా ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. స్టీరియో రిమోట్ వైరుకే కూలింగ్ ఫ్యాన్లూ అలంకరణ లైట్లూ కలిపే అలవాటు కూడా ఉంది. ఆ వైరు కొద్ది వందల మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వలేదు, అంతకంటే లాగితే స్టీరియో లోపలి చిన్న ట్రాన్సిస్టరు పోతుంది. అలా పోయి ఉంటే స్టీరియో విప్పనక్కర్లేదు. కీ తిప్పినప్పుడు కరెంటు వచ్చే యాక్సెసరీ లైను నుంచి చిన్న ఫ్యూజు పెట్టి రిమోట్‌కు ఇస్తే సరిపోతుంది. ఎలుకల విషయం కూడా మరవకండి. ఖాళీ స్థలాల పక్కన కారు నిలిపేవారికి సీటు కింది సన్న వైర్లు కొరికేయడం కొత్తేమీ కాదు.

ఈ పరీక్షల్లో ఎక్కడైనా ఎర్ర లైటు వెలిగితే దారి మారుతుంది. స్పీకరు వైర్లన్నీ తీసి, ఆర్‌సీఏ లేకుండా మూడు సరఫరా వైర్లతో (పాజిటివ్, ఎర్త్, రిమోట్) మాత్రమే ఆన్ చేయండి. ఎర్ర లైటు పోతే తప్పు స్పీకర్ల వైపు. ప్రతి స్పీకరును మీటరుతో కొలవండి: 4 ఓమ్‌ల స్పీకరు 3.2 నుంచి 3.8 దాకా చూపించడం మామూలే, 1 ఓమ్ కంటే తక్కువ చూపిస్తే కాయిలు కాలింది. స్పీకరు వైరుకూ కారు బాడీకీ మధ్య కంటిన్యుటీ అసలు ఉండకూడదు. డోరు మడత దగ్గరా, సీటు పట్టాల కిందా వైరు తోలు ఒలిచిపోయి తగులుతుంటుంది. బ్రిడ్జి చేసిన సబ్‌ఊఫర్ 4 ఓమ్‌లకు తగ్గకుండా చూసుకోండి. నాలుగు చానళ్ల ఆంప్లిఫయర్లలో చాలావాటికి బ్రిడ్జిలో అదే కనిష్ఠం, రెండు ఊఫర్లను సమాంతరంగా కలిపితే అది 2 ఓమ్‌లకు పడిపోతుంది. వేడికి ఆగిపోయిన ఆంప్లిఫయర్ కూడా ఎర్ర లైటు చూపవచ్చు. మే నెలలో గుంటూరు ఎండలో నిలిపిన కారు డిక్కీలో, పైన కార్పెట్ కప్పి ఉంటే, అది సహజం. చల్లారాక అదే లేస్తుంది.

స్పీకర్లన్నీ తీసినా ఎర్ర లైటు పోకపోతే, లేదా రిమోట్ తాకించినా ఏ లైటూ రాకపోతే, అప్పుడు మాత్రమే మూత విప్పాలి. అది ఎలక్ట్రానిక్స్ తెలిసినవారి పని, అయినా ఏం జరుగుతుందో తెలిసి ఉంటే మీరు మోసపోరు. లోపల 12 వోల్టులను మాస్‌ఫెట్లు వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ గుండ్రటి ట్రాన్స్‌ఫార్మరు ద్వారా ప్లస్ మైనస్ 30 వోల్టుల చుట్టుపక్కలకు పెంచుతాయి. వాటిని నడిపే చిప్పు చాలా బోర్డుల్లో టీఎల్494 రకం. దాని 12వ కాలికి సరఫరా, 14వ కాలి మీద 5 వోల్టులు ఉన్నాయా, 4వ కాలు పైకి లాగబడి చిప్పును ఆపేస్తోందా అన్న మూడు కొలతలతోనే అనుభవజ్ఞుడు సగం సంగతి చెప్పగలడు. పెద్ద కెపాసిటర్లలో ఆపేసిన తరువాత కూడా వోల్టేజి నిలిచి ఉంటుంది, వాటిని రెసిస్టరుతో దించకుండా చెయ్యి పెట్టకూడదు. మాస్‌ఫెట్లు పోతే ఒక్కటే మార్చి సరిపెట్టకూడదు. సమాంతరంగా పనిచేసే వాటినన్నిటినీ ఒకే బ్యాచివి వేసి, వాటి గేటు రెసిస్టర్లు కూడా చూడాలి, కిందున్న మైకా (కరెంటు తగలకుండా ఆపే పలచటి పొర) తిరిగి సరిగా అమర్చాలి. ఆ తరువాత మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాజిటివ్ వైరులో మన హెడ్‌లైటు బల్బునే సిరీస్‌లో పెట్టాలి: క్షణం మెరిసి మసకబారితే ఫరవాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉంది. స్పీకర్లు తగిలించే ముందు అవుట్‌పుట్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజి కొలవమనండి, 50 మిల్లీవోల్టులలోపు ఉండాలి. ఈ రెండు పరీక్షలూ చేయని చోట బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోవడమే మేలు.

నీటిలో మునిగిన ఆంప్లిఫయర్‌ను మాత్రం బాగుచేయించమని నేను ఎవరికీ చెప్పను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు మునిగాయి కదా, అలాంటి బోర్డుల మీద పనిచేసినా పచ్చటి చిలుము కొన్ని నెలలకు మళ్లీ మొలుస్తుంది. మీ కారు ఆ తరువాత సెకండ్ హ్యాండులో కొన్నదైతే డిక్కీ కార్పెట్ ఎత్తి మూలల్లో ఒండ్రు మట్టి ఉందేమో చూడండి. ఆంప్లిఫయర్ సీటు కింద ఉన్న కార్లలో ఏసీ నీళ్ల గొట్టం పూడుకుని కార్పెట్ తడిసినా ఇదే జరుగుతుంది.

ఎర్త్ సరిచేశాక లైటు వెలిగితే ఆర్‌సీఏ పిన్నులు తగిలించి, ఇంజను ఆన్ చేసి, మీరు మామూలుగా వినే గట్టి సౌండులో పాట పెట్టి, ఆంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 లోపు ఉంటే పని పూర్తయింది. అర వోల్టు దాటితే లగ్గు మళ్లీ విప్పాల్సిందే. అలాగే బ్యాటరీ పాజిటివ్‌కూ ఆంప్లిఫయర్ పాజిటివ్‌కూ మధ్య కూడా కొలిచి, రెండు అంకెలతో పాటు పాజిటివ్ వైరు గేజి ఎంతో రాస్తే, వైరు మార్చాలా అక్కర్లేదా అన్నది చెప్పగలను.